పధ్నాలుగో శతాబ్దపు వీరభద్రం

అమెరికాలోని షాంటిలీలో వీరభద్రం పేరు చెబితే రెండు రకాల జనం రెండు రకాలుగా గుర్తుపడతారు. ఇండియన్ గ్రోసరీలో బెండకాయలు ఏరుకునే మనవాళ్ళయితే, "ఏ వీరభద్రం? బిగుతు లాగు వేసుకుని పార్కులో నిలబడతాడు, ఆయనేనా?" అంటారు. పార్కుల్లో మడత కుర్చీలు వేసుకుని జానపద సంగీతం వినే తెల్లవాళ్ళయితే, "ఓ, మాస్టర్ వీరా!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనవాడు రచ్చ గెలిచాడు. ఎలా గెలిచాడో తెలిస్తే ఆ పెద్దలు తమ సామెతను వెనక్కి తీసుకునేవాళ్ళు.

ముందు ఆ లాగు సంగతి చెప్పాలి. అది 'గోల్డెన్ హెరాన్' అనే సంగీత బృందం వారి యూనిఫారం. ఏడుగురు మనుషులు, ఏడు వందల ఏళ్ళ కిందటి యూరప్ పాటలు. జానపద సంగీతోత్సవం ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళి, ముఖమల్ కోట్లూ ఉన్ని మేజోళ్ళూ తొడుక్కుని వాయిస్తారు. పధ్నాలుగో శతాబ్దంలో లేనిదేదీ వేదిక ఎక్కకూడదన్నది వాళ్ళ వ్రతం. నైలాన్ తీగలు లేవు, గొర్రె పేగుతో చేసిన తీగలే. కోటుకు జిప్పు ఉండదు, ముళ్ళు వేసుకోవాలి. మైకు ముట్టుకోరు, వెనక వరసకు వినపడకపోతే అది వెనక వరస చేసుకున్న ఖర్మ. ఇంతా చేసి అందరూ వచ్చేది ఎలక్ట్రిక్ కార్లలో.

ఈ మడీ ఆచారానికి పీఠాధిపతి డాక్టర్ ఎడిత్. సంగీత చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మూడు నిమిషాల పాటకు ముందు ఎనిమిది నిమిషాలు ఉపన్యాసం చెబుతుంది. ఆ కాలంలో ఎవడు ఎలా వాయించాడో చూసినవాడు ఇప్పుడెవడూ లేడు గనక, ఆవిడ పట్టిన కుందేలుకు ఎన్ని కాళ్ళంటే అన్నే కాళ్ళు. ఫ్లూటు వాయించే ఒకాయన పదకొండేళ్ళు బృందంలో ఉన్నాడు. ఒక రోజు ఒకే ఒక్క స్వరాన్ని కాస్త వణికించాడని, అలా వణికించడం మొన్న మొన్నటి అలవాటని, నమస్కారం పెట్టి పంపించేసింది.

ఇక మన వీరభద్రం. తెనాలిలో పుట్టాడు. ఎనిమిదో ఏట రాధాకృష్ణ మాస్టారి దగ్గర వయొలిన్‌కు చేరాడు. ఆ మాస్టారు పుట్టి బుద్ధెరిగి ఒక్కడిని మెచ్చుకున్న పాపాన పోలేదు. సరళీ వరుసలు, తర్వాత జంట వరుసలు. ఒక్కో స్వరాన్నీ రెండేసిసార్లు పలికిస్తూ పైకెక్కి దిగే పాఠం అది. రెండోసారి పలికినప్పుడు స్వరానికి కింది నుంచి ఒక తోపు రావాలి. "ఒత్తేదిరా? రెండో దానికి ఒత్తేదీ?" అని మాస్టారు కమాను తిరగేసి మోకాలి చిప్ప మీద కొట్టేవారు. ఒకసారి వీరభద్రం ఏడుస్తూ, "ఎదురింటి పిన్నిగారు బాగుందన్నారండీ" అన్నాడు. "ఒరే, బాగుందన్నవాడు విన్నాడో లేదో దేవుడికెరుక. తప్పు పట్టినవాడు మాత్రం విన్నట్టే" అన్నారు మాస్టారు. ఇంటర్మీడియట్ వచ్చింది, ఎంసెట్ వచ్చింది, వయొలిన్ మంచం కిందికి పోయింది. ఆ ఒత్తు మాత్రం చివరిదాకా కుదరలేదు.

అమెరికా వచ్చి డేటాబేసులు కాసుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాక, ఒక ఆదివారం పార్కులో నిమ్మరసం కొనుక్కోబోయి గోల్డెన్ హెరాన్ వాళ్ళ ముందు ఆగాడు. ఎవరో అయిదు తీగల వాయిద్యం శృతి చేస్తున్నారు. వయొలిన్‌కు ముత్తాత లాంటిది, వియెల్ అంటారు దాన్ని. "ఎక్స్‌క్యూజ్ మీ, పై తీగ కొంచెం ఎక్కువైంది" అన్నాడు వీరభద్రం, నోరు ఊరుకోక. అంతే, ఎడిత్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మనవాడు అలవాటు కొద్దీ కింద బాసింపట్టు వేసుకుని, వాయిద్యాన్ని ఛాతీకీ కాలి మడమకీ మధ్య ఆనించి కూర్చున్నాడు. ఎడిత్ కళ్ళు పెద్దవయ్యాయి. ఫ్రాన్సులో ఏదో చర్చి గోడ మీద ఒక దేవదూత అచ్చం అలాగే పట్టుకుని ఉంటుందట. అలా తెనాలి మఠం వేసుకున్న వీరభద్రం దేవదూత అయ్యాడు.

దేవదూతకు ఇచ్చిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? ఆరేళ్ళపాటు రెండే తీగలు గుయ్యిమనిపించడం. మిగతావాళ్ళు పాట వాయిస్తుంటే ఈయన శృతిపెట్టె. అయినా మానలేదు. ప్రతి కచేరీ తర్వాత జనం వచ్చి "ఆసమ్!" అనేవారు, "అమేజింగ్!" అనేవారు. ఒకసారి ఒక తీగ తెగిపోయి సగం పాట వాయించనే లేదు, ఆ రోజు కూడా అమేజింగే. వీరభద్రానికి కడుపు మండేది. తనను నిజంగా చెవిపెట్టి వినేవాడు ఈ అమెరికా మొత్తంలో ఒక్కడైనా దొరకడా అన్నది ఆయనకున్న ఒకే ఒక్క బాధ. మిగతావన్నీ బీమాలో కవరైపోయాయి.

ఏడో ఏట ఎడిత్ కరుణించింది. ఎస్టాంపీ అనే పాత నాట్యపు బాణీ ఒకటి ఒంటరిగా వాయించమంది. మూడు లెక్కలో నడుస్తుంది, ఆరు ఖండాలు. వీరభద్రం ఎనిమిది నెలలు బేస్‌మెంట్‌లో సాధన చేశాడు. పైన కుక్కర్ విజిల్ కూడా అదే లెక్కలో వస్తోందని వసుమతి మొత్తుకునేది. వసుమతి ఆయన భార్య, స్కూల్లో లెక్కల టీచరు, నోటికి ఆనకట్ట లేని మనిషి.

"ఏవండీ, వాయిస్తే వాయించారు. ఆ లాగేసుకుని మన కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్ ముందు నుంచి మాత్రం నడవకండి. మొన్న మన ఇళ్ళ సంఘం, ఆ హెచ్‌ఓఏ వాళ్ళు నన్ను చూసి అదోలా నవ్వారు" అనేది.

ఆగస్టు నెల, అమెరికా లెక్కలో తొంభై అయిదు డిగ్రీల ఎండ, ముఖమల్ కోటు. మొదటి రెండు ఖండాలు వీరభద్రం ముత్యాల్లా వాయించాడు. మూడోది మొదలుపెట్టబోతూ తలెత్తి చూస్తే, ఎదురుగా స్ట్రోలర్ తోసుకుంటూ రెండు తెలుగు కుటుంబాలు, పైకెత్తిన ఫోన్లు. లాగు వీడియోలోకి ఎక్కుతోందన్న ఆలోచన ఒక్కటి వచ్చింది, అంతే. ఎనిమిది నెలల సాధన గాలికి ఎగిరిపోయింది. బుర్ర ఖాళీ. చెయ్యి మాత్రం ఆగలేదు. దానికి చిన్నప్పుడు నూరిపోసిన పాఠం ఒకటుంది కదా, అది పట్టుకుని పరిగెత్తింది: ససరిరి గగమమ పపదద నినిసస.

అవునండీ, జంట వరుసలే! మాయామాళవగౌళ రాగంలో, తెనాలి పిల్లలు పొద్దున్నే పళ్ళు తోముకోకముందు వాయించే పాఠం. మూడు లెక్క పాటలో నాలుగు లెక్క పాఠం దూరేసరికి డోలు వాయించే రిటైర్డ్ పళ్ళ డాక్టరు ఎక్కడ కొట్టాలో తెలియక గాల్లో కర్ర పట్టుకుని ఉండిపోయాడు. వీరభద్రం ఎలాగో చివరి ఖండం అందుకుని, ముగించి, తల దించుకున్నాడు. తీసేస్తుంది, అయిపోయింది అనుకున్నాడు.

జనం లేచి నిలబడ్డారు. ఒక గడ్డపాయన టోపీ ఎగరేశాడు. ఎడిత్ కళ్ళలో నీళ్ళు!

"వీరా! ఎక్కడ దొరికింది ఇది నీకు?" అందావిడ కళ్ళు తుడుచుకుంటూ.

"మా మాస్టారు నేర్పారు" అన్నాడు వీరభద్రం. అబద్ధం కాదు. నిజమూ పూర్తిగా కాదు. ఆ క్షణంలో మిగతా సగం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఇక ఎడిత్‌ను ఆపడం ఎవరి తరం? రెండు నెలల్లో సిద్ధాంతం తయారైంది. యుద్ధాలకు తూర్పు దేశాలకు వెళ్ళిన వీరులు అక్కడి నుంచి జంట స్వరాల అలంకారం ఒకటి తెచ్చుకున్నారట, అది మధ్యలో కాలగర్భంలో కలిసిపోయిందట, ఇప్పుడు మాస్టర్ వీరా దాన్ని తవ్వి తీశాడట. మూడు లెక్కలోకి నాలుగు లెక్క దూరడం మరీ గొప్ప విషయమట. డోలాయన గాల్లో కర్ర పట్టుకోవడానికి కూడా ఒక వ్యాఖ్యానం పుట్టింది. బృందం పాటలు ఆల్బమ్‌గా వస్తున్నాయి, దానితో ఇచ్చే చిన్న పుస్తకంలో ఈ సిద్ధాంతం వీరభద్రం పేరుతో వ్యాసంగా వస్తుంది. అక్టోబరులో ఒక శనివారం పొద్దున చర్చి హాల్లో జానపద కళాకారులందరికీ ఆయన ఆ అలంకారం నేర్పాలి, నేర్పాక వ్యాసం కింద సంతకం పెట్టాలి.

వీరభద్రం మింగలేక కక్కలేక వసుమతికి చెప్పాడు. ఆవిడ పావుగంట సోఫాలో పడి నవ్వి, కళ్ళు తుడుచుకుని అంది, "వెళ్ళి నిజం చెప్పేసి రండి. మహా అయితే తీసేస్తారు. ఆ కోటు చేత్తో ఉతికే బాధ నాకు తప్పుతుంది."

"తీసేస్తే నాకేముంది వసూ? మళ్ళీ డేటాబేసే కదా."

ఆ మాటకు మాత్రం ఆవిడ నవ్వలేదు. "ఎవరూ వినని చోట ఉంటే ఎంత, పోతే ఎంత? మీరే కదా రోజూ ఏడుస్తారు, ఎవడూ వినడం లేదని" అంది.

శనివారం వచ్చింది. చర్చి హాల్లో నలభై మంది చేరారు. ఫిడేళ్ళు, బాంజోలు, ఒకాయన దగ్గర కుక్కపిల్లంత అకార్డియన్. ఎడిత్ ఎనిమిది నిమిషాలకు బదులు నలభై నిమిషాలు మాట్లాడింది. తర్వాత వీరభద్రం చాప మీద మఠం వేసుకుని, చెమటలు కక్కుతూ, జంట వరుసలు వాయించాడు. "ఇప్పుడు అందరూ!" అంది ఎడిత్.

నలభై మంది. గడ్డాలవాళ్ళు, జడలు వేసుకున్న తాతలు, పడవ బూట్ల ముసలమ్మలు. భక్తిగా కళ్ళు మూసుకుని ససరిరి గగమమ అందుకున్నారు. బాంజో మీద మాయామాళవగౌళ ఎలా ఉంటుందో విననివాళ్ళు అదృష్టవంతులు. తెనాలిలో మాస్టారి అరుగు మీద సాయంత్రం బ్యాచి కూడా ఇంత శ్రద్ధగా వాయించి ఎరగదు. వీరభద్రానికి నవ్వు ముంచుకొచ్చింది, దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. మాస్టారు పైనుంచి చూస్తుంటే ఆ కమాను ఎవరి మోకాలి మీద మొదలుపెడతారా అనుకున్నాడు.

అప్పుడు కనపడింది ఆ అమ్మాయి. చిట్టచివరి వరసలో, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని ఊగిపోతోంది. ఇండియన్ పిల్ల. నవ్వు ఆపుకోలేక కుర్చీ కిర్రుమంటోంది. తెలిసిపోయింది ఈ పిల్లకు! అది లేచి ఒక్క ముక్క అంటే నలభై మంది ముందు పరువు గంగలో కలుస్తుంది. ఎవరో పట్టిస్తే దొరకడం కన్నా మనమే చెప్పుకోవడం మేలనిపించింది.

చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఒక మాట చెప్పాలి" అన్నాడు ఇంగ్లీషులో. "ఇది పాత యూరప్ అలంకారం కాదు. మా ఊళ్ళో చిన్నపిల్లలకు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. ఆ రోజు నేను పాట మర్చిపోయాను. భయంతో వేళ్ళకు ఏది వస్తే అది వాయించాను. నన్ను క్షమించండి. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేను."

వీరభద్రం ఎడిత్ కేసి చూశాడు. ఫ్లూటాయనకు పెట్టిన నమస్కారం తనకు కూడా వస్తుందని ఎదురుచూశాడు.

ఎడిత్ మెల్లగా రెండు చేతులూ జోడించింది. కానీ అది వేరే నమస్కారం. "విన్నారా?" అంది జనంతో, గుసగుసగా. "పుస్తకంలో చదివింది కాదు, వేళ్ళలో దాగి ఉన్నది! యూరప్ పోగొట్టుకున్నదాన్ని భారతదేశంలో పసిపిల్లలు దాచిపెట్టారు! పైగా ఎంత వినయమో చూడండి."

"అది కాదు డాక్టర్, నేను నిజంగానే మర్చిపోయాను."

"మర్చిపోవడమే కదా వీరా, గుర్తురావడానికి మార్గం!"

నలభై మంది చప్పట్లు. ఒక ముసలమ్మ ఏడ్చేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం ఊదాడని ఒప్పుకుంటాడు, వీళ్ళు అదీ ఒప్పుకునేలా లేరు. వీరభద్రానికి జన్మలో రానంత కోపం వచ్చింది.

"అయితే అసలు పాట వినండి" అన్నాడు. కళ్ళు మూసుకుని ఎస్టాంపీ ఎత్తుకున్నాడు. ఆరు ఖండాలు, పాత రాతప్రతిలో ఎలా ఉందో అలా, స్వరం పొల్లుపోకుండా. మూడో ఖండం దగ్గర వేళ్ళు తడబడలేదు. ఎనిమిది నెలలు బేస్‌మెంట్‌లో కూర్చున్నది దీనికోసమే, ఇదొక్కటి సరిగ్గా వాయిస్తే చాలని కూర్చున్నాడు. సరిగ్గా వాయించాడు.

మర్యాదగా నాలుగు చప్పట్లు పడ్డాయి. అకార్డియన్ ఆయన దగ్గాడు. "బాగుంది. కానీ ఆ మొదటి దానిలో ఆత్మ ఉంది" అన్నాడు గడ్డపాయన. ఎడిత్ దగ్గరికి వచ్చి భుజం తట్టి, నొప్పించకుండా అంది, "వీరా, ఇవాళ నీది కాస్త మోడర్న్‌గా ఉంది."

వ్యాసంలో ఒక పేరా మార్చారు, సంతకం అక్కర్లేదన్నారు. ఆయన వినయం గురించి ఇంకో పేరా చేర్చారు. వీరభద్రం ఎవరికీ చెప్పకుండా వియెల్ పెట్టెలో పెట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచాడు. ఎండ చక్కగా కాస్తోంది. ఇక రాకూడదు, కోటు గుడ్‌విల్ వాళ్ళ దానాల పెట్టెలో పడేసి పోవాలి అనుకుంటూ కారు డిక్కీ తెరిచాడు.

"అంకుల్! అంకుల్, ఒన్ మినిట్!"

చివరి వరస పిల్ల పరిగెత్తుకొచ్చింది. పేరు నిధి, ఇక్కడే పుట్టింది, కాలేజీలో సెకండ్ ఇయర్. మ్యూజిక్ హిస్టరీ క్లాసులో ఎక్స్‌ట్రా క్రెడిట్ మార్కులు ఇస్తారంటే వచ్చిందట.

"సారీ అంకుల్, నేను నవ్వాను. రూడ్‌గా కాదు. ఐ మీన్, బాంజో మీద జంట వరుసలు! నేను టెన్ ఇయర్స్ నేర్చుకున్నా, ఆన్‌లైన్‌లో, మా గురువుగారు గుంటూరులో ఉంటారు."

"నవ్వాల్సిందేనమ్మా. నేనూ నవ్వేవాణ్ణే" అన్నాడు వీరభద్రం. ఇక ఆసమ్ అంటుంది, అని పోతుంది అనుకున్నాడు.

నిధి పోలేదు. కాళ్ళు మార్చి నిలబడింది. "అంకుల్, ఒకటి చెప్తే మైండ్ చేయరు కదా? మీ జంట వరుసలు రాంగ్."

"ఏమిటీ?"

"రెండో నోట్‌కి ఒత్తు లేదు. సస అన్నప్పుడు, సెకండ్ స కింద నుంచి పుష్ అయ్యి రావాలి కదా? మీరు ఊరికే రెండుసార్లు పెడుతున్నారు. లోపల ఫార్టీ పీపుల్‌కి రాంగ్ నేర్పించారు మీరు. మా గురువుగారయితే కాల్ కట్ చేసేస్తారు."

వీరభద్రం డిక్కీ పట్టుకుని నిలబడిపోయాడు. అమెరికా వచ్చిన ఇన్నేళ్ళకు ఒక మనిషి ఆయన తప్పు పట్టింది. అదీ మాస్టారు పట్టిన తప్పే, అక్షరం తేడా లేకుండా. ఆయనకు పండగలా ఉంది. అడగాలంటే భయం వేసింది, అయినా అడిగాడు.

"మరి ఆ రెండోది, ఆ పాత పాట? అది విన్నావా?"

"విన్నా." నిధి ముక్కు ముడిచి కాసేపు ఆలోచించింది. "దాంట్లో మిస్టేక్స్ వెతికాను అంకుల్. దొరకలా."

కోటు ముళ్ళతోనే, ఉన్ని మేజోళ్ళతోనే, మనవాడు డిక్కీ అంచు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనున్న కారులోంచి ఎవరో "ఆసమ్ జాబ్, వీరా!" అని చెయ్యి ఊపి పోయారు. ఆయన అటు చూడలేదు. పెట్టె తెరిచి, కాలు మడిచి, వియెల్ మడమకు ఆనించుకుని, కమాను తీశాడు.

"ఒత్తు ఎక్కడ రావాలన్నావమ్మా?"

"రెండో దానికి."

వాయించాడు. నిధి తల అడ్డంగా ఊపింది.

"ఊహూ. మళ్ళీ."